గట్టి ఇనుము చాలదు, మన్నే ఇనుము కావాలి

సంగారెడ్డి: పొలంలో మోటారు స్టార్టరు నొక్కితే నీళ్లు పడతాయి. ఆ కరెంటు ఎక్కడిదని అడిగితే రామగుండం నుంచో, కొత్తగూడెం నుంచో వస్తున్నదని రైతులు చెబుతారు. అది నిజమే. అయితే గనిలో తవ్విన బొగ్గు పెళ్లలను ఉన్నవి ఉన్నట్టు బాయిలరులో వేస్తే ఆ కరెంటు పుట్టదు. బొగ్గును ముందు ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా విసరాలి. అలా విసిరే పెద్ద తిరగళ్లను తయారుచేసే కర్మాగారం మన జిల్లాలోనే, రామచంద్రాపురంలో ఉంది.

ఆ తిరగలికి రాళ్లుండవు. ఇనుప రోలర్లుంటాయి. అవి రాత్రింబవళ్లు బొగ్గును నలుపుతూ, దానితోపాటు తామూ అరిగిపోతాయి. అవి ఎంత తొందరగా అరిగితే అంత తరచుగా మిల్లును ఆపాలి. ఆపిన ప్రతిసారీ కరెంటు ఉత్పత్తి తగ్గే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆ రోలర్లు పోసే ఇనుము ఎక్కువకాలం మన్నాలంటే ఏం చేయాలన్నది పటాన్‌చెరు వైపు లోహ పరిశ్రమల్లో పనిచేసేవారికే గాక, బోరు కింద సేద్యం చేసే రైతుకు కూడా సంబంధించిన సంగతి.

మూడు రోలర్ల తిరగలి

రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960లలో చెకొస్లొవేకియా సహకారంతో నెలకొన్నది. టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులతోపాటు బొగ్గును పొడిచేసే బౌల్ మిల్లులు కూడా ఇక్కడ తయారవుతూ వచ్చాయి. ఈ మిల్లుల నమూనా మాత్రం అమెరికా నుంచి వచ్చింది.

ఇంట్లో విసుర్రాయిని చూసినవారికి దీని పనితీరు సులభంగానే తెలుస్తుంది. విసుర్రాయిలో పై రాయి తిరుగుతుంది, కింది రాయి కదలదు. బౌల్ మిల్లులో కింద ఉన్న పెద్ద గిన్నె తిరుగుతుంది. దాని అంచు చుట్టూ గట్టి ఇనుప పలకలు బిగించి ఉంటాయి. పైనుంచి మూడు రోలర్లను బలమైన స్ప్రింగులు ఆ పలకల వైపు అదిమి ఉంచుతాయి. నడిమి గొట్టంలోంచి బొగ్గు గిన్నెలో పడుతుంది. గిన్నె తిరిగే వేగానికి బొగ్గు అంచుకు జరిగి, రోలరుకూ పలకకూ మధ్య చిక్కి నలుగుతుంది. కింది నుంచి వేడిగాలి వచ్చి మెత్తని పొడిని పైకి తీసుకుపోతుంది. బరకగా ఉన్నది మళ్లీ గిన్నెలో పడుతుంది. ఇంట్లో పిండిని జల్లించి, జల్లెడలో మిగిలిన బరకను తిరిగి విసిరినట్టే.

ఈ మిల్లుల పేర్లలోనే వాటి కొలతలుంటాయి. ఎక్స్.ఆర్.పి. 803 అంటే గిన్నె వ్యాసం 80 అంగుళాలు, రోలర్లు మూడు అని అర్థం. పొడి ఎంత మెత్తగా ఉండాలన్నదానికీ లెక్క ఉంది. నూటికి 70 పాళ్లు అంగుళానికి 200 కన్నులున్న జల్లెడలోంచి జారాలి. అంటే ఒక్కొక్క రేణువు దాదాపు తలవెంట్రుక మందం ఉండాలన్నమాట.

రోలర్లు అరిగి గుంటలు పడితే ఆ మెత్తదనం రాదు. బరక బొగ్గు పూర్తిగా కాలకుండానే బూడిదలో కలిసిపోతుంది. అదే కరెంటుకు ఎక్కువ బొగ్గు తగలబెట్టవలసి వస్తుంది. మంట నిలబడటానికి అదనంగా ఆయిలు పోయాల్సి వస్తుంది.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. ఏడాదికి 8,760 గంటలు. ఒక బాయిలరుకు ఆరు మిల్లులుంటే, మిల్లుకు మూడు చొప్పున 18 రోలర్లు. ఒక్కొక్కటి 4,000 గంటలు మన్నితే ఏడాదికి రెండుసార్లు మార్చాలి. అదే 8,000 గంటలు మన్నితే ఏడాదికి ఒకసారి మారిస్తే చాలు. మార్చినప్పుడల్లా ఆ మిల్లును ఆపి, విప్పి, టన్నుల బరువున్న సామాను క్రేనుతో ఎత్తి దించాలి. బాయిలరుకు ఒకటి రెండు మిల్లులు అదనంగా ఉంటాయి గనుక మామూలుగా ఇబ్బంది ఉండదు. కాని ఒకటి మరమ్మతులో ఉండగా ఇంకొకటి చెడిపోతే ఉత్పత్తి తగ్గించక తప్పదు. ఎండాకాలంలో, బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిచే రోజుల్లో ఇలా జరిగితే దాని బాధ పల్లె దాకా వస్తుంది.

అసలు శత్రువు బొగ్గు కాదు

బొగ్గు మెత్తనిది. గోటితో గీసినా రాలుతుంది. మరి అది ఇనుమును ఎలా అరగదీస్తుంది? అరగదీసేది బొగ్గు కాదు, దానిలో కలిసివున్న రాయి.

మన దేశపు గనుల్లో చాలాచోట్ల బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్ల దాకా బూడిద మిగులుతుంది. ఆ బూడిద అంతా బొగ్గుపొరల్లో కలిసిన మట్టి, రాయి. అందులో పలుగురాయి, అంటే క్వార్ట్జ్ ఉంటుంది. మంజీర ఒడ్డున ఇసుక మెరిసేది కూడా ఈ పలుగురాయి వల్లనే. వరి నూర్చినప్పుడు ధాన్యంలో రాళ్లు కలిస్తే గిర్ని ఎట్లా దెబ్బతింటుందో, పలుగురాయి కలిసిన బొగ్గుతో మిల్లు కూడా అట్లాగే దెబ్బతింటుంది. తక్కువ బూడిద ఉన్న బొగ్గు కోసం అమెరికాలో రూపొందిన యంత్రం ఇక్కడికి వచ్చేసరికి కష్టమైన పని ఎదురైంది. దాంతో రోలరు ఇనుమునే మార్చుకోవలసి వచ్చింది.

గట్టిదనం కొలవడానికి విక్కర్స్ అనే కొలత ఒకటి ఉంది. వజ్రపు మొనతో నొక్కి, పడిన గుంటను బట్టి లెక్క కడతారు. ఆ కొలతలో పలుగురాయి సుమారు 1,000 ఉంటుంది. మామూలు మెత్తని ఉక్కు 150 దగ్గర ఉంటుంది. అంటే పలుగురాయి ముందు మామూలు ఉక్కు మైనం లాంటిది. పలుగురాయి కన్నా గట్టిదైనది ఇనుములో ఏదైనా ఉంటే తప్ప ఈ పోరులో ఇనుము నిలవదు.

పోత ఇనుములో రెండు జాతులు

ఇనుములో నూటికి రెండు పాళ్లకు మించి కార్బన్ ఉంటే అది పోత ఇనుము. అంతకు తక్కువైతే ఉక్కు. పోత ఇనుము ఉక్కు కన్నా తక్కువ వేడికే కరుగుతుంది. అచ్చులో నీళ్లలా పారి మూలమూలకూ చేరుతుంది. మోటారు బాడీలు, పంపు పెంకులు, మ్యాన్‌హోలు మూతలు దానితో పోసేది అందుకే.

కాని అదే ఇనుము చల్లారే తీరును బట్టి రెండు రకాలుగా మారుతుంది. బెల్లం పాకాన్ని ముదరనిచ్చినదాన్ని బట్టి, ఆరనిచ్చినదాన్ని బట్టి మెత్తగానో, పెళుసుగానో వచ్చినట్టు ఇక్కడా జరుగుతుంది. సిలికాన్ ఉండి, మెల్లగా చల్లారితే కార్బన్ చాలావరకు పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైటు రేకులుగా విడిపోతుంది. విరిచి చూస్తే బూడిదరంగు కనిపిస్తుంది. దీన్ని బూడిద పోత ఇనుము అంటారు. లేతులో సులువుగా తెగుతుంది. అదురును మింగుతుంది.

వేగంగా చల్లారినా, క్రోమియం వంటివి కలిసినా కార్బన్ విడిపోదు. ఇనుముతోనే పెనవేసుకుని కార్బైడు అనే గట్టి పదార్థం అవుతుంది. విరిచి చూస్తే తెల్లగా మెరుస్తుంది. ఇది తెల్ల పోత ఇనుము. దీన్ని బరమాతో తొలచలేం, సానరాయితోనే అరగదీయాలి. గట్టిదనానికి దీన్ని మించినది కష్టం. అయితే సుత్తితో గట్టిగా కొడితే గాజులా పగులుతుంది. గట్టిదనం, మన్నిక ఒకటి కావని చెప్పేది ఈ పెళుసుదనమే.

నికెల్ తర్వాత క్రోమియం

పెళుసుదనం తగ్గించి, గట్టిదనం నిలపడానికి 20వ శతాబ్దంలో మిశ్రమ పోత ఇనుములు వచ్చాయి. వాటిలో మొదట పేరుపడ్డది ని-హార్డ్. ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ దీన్ని తెచ్చింది. ఇందులో నికెల్ నూటికి సుమారు 4 పాళ్లు, క్రోమియం 2 పాళ్లు ఉంటాయి. కార్బన్ గ్రాఫైటుగా విడిపోకుండా క్రోమియం ఆపుతుంది. చల్లారేటప్పుడు లోహం మెత్తబడకుండా నికెల్ చూస్తుంది. బౌల్ మిల్లు రోలర్లకు మన దేశంలో చాలాకాలం ఇదే వాడారు.

అయితే ని-హార్డ్‌లోని కార్బైడు గట్టిదనం విక్కర్స్ కొలతలో దాదాపు పలుగురాయితో సమానం. సమానుల పోరులో ఇద్దరూ అరుగుతారు. పైగా ఆ కార్బైడు వల అల్లినట్టు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటుంది. ఒకచోట పగులు మొదలైతే ఆ వల వెంబడే పాకుతుంది.

క్రోమియం పాలు 12 నుంచి 28 దాకా పెంచితే కథ మారుతుంది. అప్పుడు పుట్టే కార్బైడు వేరు జాతిది. దాని గట్టిదనం 1,200 నుంచి 1,600 దాకా ఉంటుంది. పలుగురాయి దీన్ని అంత సులువుగా గీయలేదు. ఇది వలలా అల్లుకోక విడివిడి కడ్డీలుగా ఏర్పడుతుంది. అందుచేత పగులు పాకడానికి దారి తక్కువ. హై-క్రోమ్ ఇనుము అని కార్మికులు పిలిచేది దీన్నే. సూర్యాపేట, నల్లగొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో క్లింకరును పొడిచేసే గుండ్లను కూడా ఈ జాతి ఇనుముతోనే పోస్తారు.

దేశానికి లాభించే సంగతి ఇందులో మరొకటి ఉంది. నికెల్ కోసం మనం విదేశాల మీద ఆధారపడాలి. క్రోమియం ఖనిజం ఒడిశాలోని సుకింద లోయలో దండిగా ఉంది.

ఇనుములో పాళ్లు కలిపి మేలైన లోహం చేయడం ఈ నేలకు కొత్త విద్య కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు ముద్దలు చేసేవారు. 1820ల తొలినాళ్లలో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు అక్కడికి వెళ్లి, రెండు రకాల ఇనుమును పాళ్లు చూసి కలపడం గమనించి రాసిపెట్టాడు. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఏది ఎంత కలపాలి, ఎంత మెల్లగా చల్లార్చాలి అన్నదే ఆనాటి కమ్మరి రహస్యం. నేటి ఫౌండ్రీకి కూడా అవే రెండు ప్రశ్నలు.

కంకర ఒక్కటే కాదు, గచ్చు కూడా

క్రోమియం ఎక్కువ పోస్తే చాలు, రోలరు మన్నుతుందనుకుంటే పొరపాటు. ఇంటి ముందు వేసిన గచ్చును తలచుకుంటే ఈ సంగతి తెలుస్తుంది. గచ్చులో కంకర గట్టిది. కాని కంకరను పట్టి ఉంచేది సిమెంటు. సిమెంటు తక్కువ వేస్తే కంకర ఎంత గట్టిదైనా లాభం లేదు. నాలుగు వానలకు కంకర లేచిపోతుంది.

ఈ ఇనుములో కార్బైడులు కంకర వంటివి. వాటి చుట్టూ ఉన్న లోహం సిమెంటు వంటిది. ఆ లోహం మెత్తగా ఉంటే పలుగురాయి ముందు దాన్ని తవ్వేస్తుంది. ఆపైన ఆసరా లేని కార్బైడులు విరిగి రాలిపోతాయి. చుట్టూ ఉన్న లోహానికి కూడా పదును పట్టాలి.

ఆ పదును కొలిమిలో వస్తుంది. నాగలి కర్రును కమ్మరి ఎర్రగా కాల్చి నీటిలో ముంచడం రైతులకు తెలిసినదే. హై-క్రోమ్ రోలరును మాత్రం నీటిలో ముంచితే పగులుతుంది. దాన్ని చాలా మెల్లగా 950 నుంచి 1,050 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేసి, కొన్ని గంటలు అక్కడే నిలిపి, తర్వాత ఫ్యాను గాలికి చల్లారుస్తారు. చుట్టూ ఉన్న లోహం అప్పుడు గట్టిపడుతుంది. ఆ తర్వాత మళ్లీ 200 డిగ్రీల పైచిలుకు వేడిలో ఉంచి లోపలి బిగువు సడలిస్తారు. కరెంటు ఖర్చు మిగులుతుందని కొలిమిలో ఉంచే గంటలు తగ్గించినా, తొందరపడి వేడి పెంచినా పనంతా చెడుతుంది.

పైపొర చూసి మోసపోవద్దు

పెద్ద పోతల్లో ఇంకొక చిక్కు ఉంది. రోలరు మందంగా ఉంటుంది. గాలి తగిలే పైభాగం వేగంగా చల్లారి గట్టిపడుతుంది. లోపలి భాగం మెల్లగా చల్లారి మెత్తగా మిగిలిపోతుంది. అలాంటి రోలరు కొత్తలో చక్కగా పనిచేస్తుంది. సగం అరిగిన తర్వాత ఒక్కసారిగా కరిగిపోయినట్టు అరుగుతుంది. కొన్నవారు బొగ్గు మీద నింద వేస్తారు. తప్పు బొగ్గుది కాదు, పోతది.

లోపలిదాకా పదును చేరడానికి మాలిబ్డినం, రాగి, నికెల్ కొద్దికొద్దిగా కలుపుతారు. మాలిబ్డినం ఖరీదైనది. ఖర్చు తగ్గించుకోవాలని దాన్ని మానేస్తే పైన గట్టిదనం పరీక్షలో ఏ లోపమూ కనిపించదు. అందుచేత పైపొర మీద ఒక గుంట నొక్కి చూసి సరిపెట్టడం చాలదు. కరిగిన లోహంలోంచి నమూనా తీసి స్పెక్ట్రోమీటరులో పాళ్లు చూడాలి. తునక కోసి లోపలి గట్టిదనం కొలవాలి. సూక్ష్మదర్శినిలో దాని అల్లిక చూడాలి. అరుగుదలకు తట్టుకునే పోత ఇనుములకు ఐ.ఎస్. 4771 అనే భారతీయ ప్రమాణం ఉంది. సరుకు ఆర్డరు పెట్టేటప్పుడు ఆ ప్రమాణాన్ని, ఏ తరగతో కూడా కాగితం మీద రాయించుకోవడం మంచిది.

అచ్చు పనిలో కూడా అంతే జాగ్రత్త కావాలి. ఇసుకలో తడి మిగిలితే పోతలో బుడగలు పడతాయి. లోహం చల్లారి కుదించుకునేటప్పుడు దానికి అదనపు లోహం అందకపోతే లోపల డొల్ల ఏర్పడుతుంది. వేడి తగ్గకముందే అచ్చు పగలగొడితే తెల్ల ఇనుము చప్పుడు చేసి బీట తీస్తుంది. అచ్చులోనే ఓపికగా చల్లారనివ్వడం మన్నికకు మొదటి మెట్టు.

అరిగిన రోలర్లన్నీ పారవేయవలసినవి కావు. ఇంట్లో విసుర్రాయి నునుపు తేలితే కక్కు కొట్టించి వాడుకున్నట్టు, అరిగిన రోలరు మీద క్రోమియం కార్బైడు తీగతో పొరలు పొరలుగా వెల్డింగ్ చేసి ఆకారం తిరిగి తెస్తారు. ఈ పొరల మీద సన్నని అడ్డబీటలు కనబడతాయి. చూసినవారు భయపడతారు గాని, బిగువు సడలడానికి అవి అలా రావడం మామూలే. అడుగు లోహంలోకి దిగిన పగులు మాత్రం ప్రమాదం. తిరిగే రోలరు మిల్లులో రెండు ముక్కలైతే నష్టం రోలరుతో ఆగదు.

పనిని బట్టి ఇనుము

హై-క్రోమ్ ఇంత గొప్పదైతే అన్నీ దానితోనే పోయవచ్చు కదా అన్న సందేహం రావచ్చు. మన జిల్లాలో కనిపించే యంత్రాలే దానికి జవాబు చెబుతాయి.

కంకర క్రషర్లలో బండను రెండు దవడల మధ్య నలగగొడతారు. అక్కడ రాపిడితోపాటు పెద్ద దెబ్బలు పడతాయి. ఆ దెబ్బలకు తెల్ల ఇనుము పగులుతుంది. అందుకే దవడలకు మాంగనీసు ఉక్కు వాడతారు. 1882లో ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో మాంగనీసు నూటికి సుమారు 12 పాళ్లు ఉంటుంది. దెబ్బలు పడేకొద్దీ దాని పైభాగం గట్టిపడుతుంది. అదే ఉక్కును దెబ్బలు లేని, ఇసుక రాపిడి మాత్రమే ఉన్న చోట వాడితే గట్టిపడే అవకాశం లేక ఊరికే అరిగిపోతుంది.

జహీరాబాద్ ప్రాంతంలో చెరకు ఎక్కువ. చెరకు గానుగ రోలరుకు కావలసింది నునుపు తేలని గుణం. రోలరు నున్నగా తేలితే గడ జారుతుంది, రసం తక్కువ దిగుతుంది. అందుకే అక్కడ బరక అల్లిక ఉన్న బూడిద పోత ఇనుము వాడతారు. చక్కెర ఫ్యాక్టరీల్లో రోలరు పళ్ల మీద వెల్డింగ్ చుక్కలు వేసి మరీ గరుకు చేస్తారు.

ట్రాక్టరు ఇంజను లైనరు ఇంకొక రకం. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది గనుక ట్రాక్టరు భాగాల మాట జిల్లా యువకులకు కొత్తది కాదు. లైనరులో పిస్టను రోజంతా రాపాడుతుంది. అక్కడ గ్రాఫైటు రేకులున్న ఇనుమే మేలు. ఆ రేకుల సందుల్లో ఆయిలు నిలుస్తుంది. అరుగుదల తగ్గించడానికి క్రోమియం, రాగి వంటివి కొద్దిగా మాత్రమే కలుపుతారు. దెబ్బకు ఒక ఇనుము, రాపిడికి ఒకటి, ఆయిలు నిలవడానికి మరొకటి అని పనిని చూసి లోహాన్ని ఎంచుకోవడమే మన్నికకు మూలం.

రైతులు గమనించవలసినవి

బావి మీది మోనోబ్లాక్ పంపుల పెంకు, లోపలి చక్రం చాలావరకు బూడిద పోత ఇనుముతో చేసినవే. నీటితో ఇసుక వస్తుంటే అవి తొందరగా అరిగి నీటి ధార సన్నబడుతుంది. కరెంటు ఖర్చు మాత్రం తగ్గదు. ఫుట్‌వాల్వును బావి అడుగుకు ఆనించకుండా పైకి ఉంచడం, జాలీ చిరగకుండా చూసుకోవడం కొత్త చక్రం కొనడం కన్నా చవక. ధార తగ్గినప్పుడు మోటారునే అనుమానించక చక్రాన్ని విప్పి చూడాలి.

మోటారు కాలో, పంపు పెంకో పగిలినప్పుడు చాలామంది దగ్గరలోని షాపులో మామూలు రాడ్డుతో అతికిస్తారు. నెల తిరక్కుండానే అతుకు పక్కన మళ్లీ పగులుతుంది. చల్లని పోత ఇనుము మీద నేరుగా వెల్డింగ్ చేస్తే అక్కడి లోహం వేగంగా చల్లారి తెల్ల ఇనుములా పెళుసుబారడమే దానికి కారణం. ముందు ఆ భాగాన్ని మెల్లగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో చిన్నచిన్న పొడవులుగా వెల్డింగ్ చేసి, వెంటనే నీళ్లు చల్లకుండా బూడిదలోనో పొడి సున్నంలోనో కప్పి చల్లారనిస్తే అతుకు నిలుస్తుంది. నికెల్ రాడ్డు ధర ఎక్కువైనా రెండోసారి అతికించే ఖర్చు తప్పుతుంది.

పోతపని వారి ఊపిరి

ఇనుము మన్నిక గురించి మాట్లాడేటప్పుడు దాన్ని పోసే మనిషి ఆరోగ్యం మరవరాదు. రోలరును అరగదీసే పలుగురాయే అచ్చుల ఇసుకలో కూడా ఉంటుంది. అచ్చు పగలగొట్టేటప్పుడు, పోతను సానపట్టేటప్పుడు దాని సన్నని ధూళి లేస్తుంది. కంటికి కనబడనంత సన్నని ఆ ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. ఒకసారి వస్తే అది నయమయ్యే జబ్బు కాదు. చట్టం ప్రకారం అధికారులకు తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల్లో ఇది ఒకటి. ధూళిని లాగే ఫ్యాన్లు, ఇసుకను తడిపి పనిచేయడం, తగిన ముసుగులు, ఏటేటా ఛాతీ పరీక్ష ఉంటే దీన్ని రాకుండా ఆపవచ్చు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఈ ధూళి ఆగదు. క్రోమియం తీగతో వెల్డింగ్ చేసేచోట వచ్చే పొగ కూడా హానికరమే. గాలి బయటికి పోయే దారి లేని షెడ్డులో ఆ పని చేయరాదు.

ఇస్నాపూర్, రుద్రారం, పాశమైలారం చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఉండే కార్మికుల్లో ఒడిశా, బీహారు నుంచి వచ్చినవారు చాలామంది. పని మారినా, ఊరు మారినా వారి పరీక్షల కాగితాలు వారి చేతిలోనే ఉండేలా యాజమాన్యాలు చూడాలి.

మన్నే రోలరు వల్ల కార్మికునికి కూడా మేలుంది. ఒక రోలరు రెండింతల కాలం మన్నితే, అదే పనికి సగం లోహం కరిగిస్తే చాలు. అచ్చుల ఇసుక సగం, పారబోసే చిట్టెం సగం, కొలిమికి పట్టే కరెంటు సగం. నక్కవాగు నీరు ఎట్లా పాడైందో కళ్లారా చూసిన పల్లెలకు ఈ లెక్క విలువ వేరే చెప్పనక్కరలేదు.

చెయ్యవలసిన పని

ఈ విద్యకు కావలసిన వసతులు మనకు దూరంలో లేవు. కంది గ్రామం దగ్గర ఐ.ఐ.టి. హైదరాబాద్‌లో లోహశాస్త్ర విభాగం ఉంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ.లో లేజరు కిరణాలతో లోహాల పైపొరను గట్టిపరిచే పరిశోధన సాగుతున్నది. ఐ.టి.ఐ. చదువుల్లో ఫౌండ్రీమన్ అనే ట్రేడు ఉంది. పెద్ద కర్మాగారాలకు సొంత పరీక్షశాలలుంటాయి. నలుగురైదుగురితో నడిచే చిన్న ఫౌండ్రీకి స్పెక్ట్రోమీటరు కొనే శక్తి ఉండదు. తునక పట్టుకువస్తే తక్కువ రుసుముతో పాళ్లు, గట్టిదనం, లోపలి అల్లిక చూసి చెప్పే ఉమ్మడి పరీక్షశాల పారిశ్రామికవాడలో అందుబాటులో ఉంటే, చిన్న ఫౌండ్రీలు గుడ్డిగా పోత పోయవలసిన పని ఉండదు.

పోతపని మురికిపని అని జిల్లా యువకులు దాని వైపు చూడటం లేదు. ధూళి లేని షెడ్డు, సరైన జీతం, పాళ్లూ పదునూ నేర్పే శిక్షణ ఉంటే చూడకపోరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. ఆ కరెంటులో పెద్ద భాగం ఎక్కడో మూడు రోలర్ల మధ్య నలిగిన బొగ్గు నుంచే వస్తుంది. ఆ రోలర్లను లోపలిదాకా పదును పట్టేలా పోసే చేతులు మన జిల్లాలో తయారు కావాలంటే పరిశ్రమల శాఖ అధికారులు, యాజమాన్యాలు ఈ రెండు పనుల మీద శ్రద్ధ పెట్టాలి.